గవ్వ ఒంటి మెరుగు

గవ్వ ఒంటి మీద వాసన పూర్తిగా పోయిన రోజున హైమ సేమ్యా పాయసం వండింది. అప్పటికి ఆమెకి ఎనిమిదో నెల, పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే కాళ్ళు నీరు పట్టేవి. అయినా సంతోషం పట్టలేక వండింది. తను తిని, భర్త చక్రధర్‌కి పెట్టి, అడుగున మిగిలింది గవ్వ గిన్నెలో వేసింది. గవ్వ వచ్చి గిన్నె చుట్టూ తిరిగింది. అది తన గిన్నేనా కాదా అన్నట్టు మూతి దగ్గరికి పెట్టి, వెనక్కి తీసి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఆ సంగతి ఆ పూట ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. పాయసం బాగా కుదిరిందని మాత్రం అనుకున్నారు.

గవ్వ జోనంగి కుక్క. కొల్లేటి చుట్టుపక్కల వాళ్ళకి జోనంగిని పరిచయం చెయ్యనక్కర్లేదు. బాతుల మందల్ని గట్ల వెంబడి తోలే కుక్క అది. ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టి. నుదుటి నిండా ముడతలు. మిగతా కుక్కల్లా మొరగదు, గొంతు సాగదీసి ఒక రాగం తీస్తుంది. చెరువు గట్టున గుంట తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకుంటుంది. కాబట్టి దాని దగ్గర బురద వాసన వస్తే అది దాని తప్పు కాదు.

తప్పు క్రితం ఏడాది విజయవాడ కుక్కల ప్రదర్శనలో మొదలైంది. మైదానంలో ఒక పక్కంతా బొచ్చు కుక్కలు. బల్లలెక్కించి వాటికి డ్రయ్యర్లు పెడుతున్నారు, సుద్దపొడి అద్దుతున్నారు, వెంట్రుక వెంట్రుకకీ సేవ చేస్తున్నారు. దేశీ జాతుల పోటీలో మాత్రం అవేవీ కుదరవు. పుట్టిన ఒంటితో రావాలి. రింగులోకి వెళ్ళే ముందు తెల్లగుడ్డతో కుక్క వీపు గట్టిగా తుడుస్తారు. గుడ్డకి రంగో పొడో నూనో అంటిందంటే ఇంటిదారే. రూలైతే అలా ఉంది గానీ చూసేవాళ్ళ కళ్ళు అలా లేవు. పొద్దుటినుంచీ తళతళలు చూసి చూసి ఉన్న కళ్ళకి గవ్వ ఎండిపోయిన తాటిమట్టలా కనిపించింది. ఆనాటి న్యాయనిర్ణేత దాన్ని ముట్టుకుని, జేబురుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గవ్వని కళ్ళు తెరవని పిల్లప్పటినుంచీ పాలు పట్టి పెంచిన చక్రధర్ ఆ రోజు కైకలూరులో ఇల్లు చేరేదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు. అతని ఆనాటి మొహం హైమ మర్చిపోలేదు.

హైమ ఉద్యోగం రొయ్యల చెరువుల మందులు తయారుచేసే కంపెనీ ల్యాబులో. చెరువు అడుగున కుళ్ళిన మేతని తినేసి నీటిని తేటపరిచే సూక్ష్మజీవుల్ని ఆమె గిన్నెల్లో పెంచుతుంది. వాటిలో ఒకటి మొదటినుంచీ వింతగా ఉండేది. అది కుళ్ళునే కాదు, వాసనకి మూలమైన ప్రతిదాన్నీ తినేసి, తిన్నచోట సన్నటి పొర పరుచుకునేది. ఒకసారి ఆ తొట్టిలో పడిన బొచ్చె చేపపిల్లని బయటికి తీస్తే వెండి గరిటెలా మెరిసింది. నేల మీద పెట్టింది హైమ. ల్యాబు వెనక కాపు కాసే పిల్లి వచ్చి, ఆ చేపని గడ్డిపోచని దాటినట్టు దాటుకుని వెళ్ళిపోయింది. అది చూసి ఆమె భయపడాల్సింది. భయపడలేదు సరికదా, గవ్వ గుర్తొచ్చింది.

ఆ సూక్ష్మజీవికి చక్రధర్ ‘మెరుగు’ అని పేరు పెట్టాడు. పెట్టాడే గానీ మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఇది అలంకారం కిందికి రాదా అని అడిగాడు.

"గుడ్డకి అంటితే పూత. ఇది అంటదు. దాని ఒంటి మీద దాని ఒంట్లో భాగంలా బతుకుతుంది" అంది హైమ. "ఇది అలంకారం కాదండీ, పెంపకం."

"మరి మనం ప్రదర్శన వాళ్ళకి చెప్పొచ్చా?"

హైమ గిన్నె మీద మూత పెట్టేసి చేతులు కడుక్కుంది. చక్రధర్ రెండోసారి అడగలేదు.

మనిషికి అంటుకుంటుందేమోనని ముందే చూసుకుంది. తన చర్మం మీద రాసుకుంటే అది పూట తిరక్కుండా ఎండి చచ్చింది. పొడి చర్మం దానికి పడదు, తడి కావాలి. అది తెలిశాకే ధైర్యంగా గవ్వకి రాసింది.

వారం తిరిగేసరికి గవ్వ ఒళ్ళు పేరుకి తగ్గట్టయింది. ఎండలో నిలబడితే లేత పసుపు గవ్వలా నిగనిగలాడేది. చెరువు నీటిలో గాలి చిలికే ఏరేటర్లు బాగుచేసే పని మీద చెరువుల వెంట తిరిగే చక్రధర్ దాన్ని బండి మీద ఎక్కించుకుని వెళ్తే జనం ఆగి చూసేవాళ్ళు. కుక్కలు మాత్రం చూసేవి కావు. ఇదివరకు గవ్వ సందులోకి అడుగు పెడితే వీధి కుక్కలన్నీ మూగి మూతులు చాచేవి, కొన్ని గుర్రుమనేవి, కొన్ని తోకాడించేవి. ఇప్పుడు దాని పక్కనుంచి నడిచిపోయేవి. ఒక ముసలి కుక్క అయితే ఖాళీ జాగా అనుకుని సరిగ్గా గవ్వ మీదే పడుకోబోయి, ఒళ్ళు తగలగానే కీచుమని పారిపోయింది. దంపతులిద్దరూ పడీపడీ నవ్వారు. రింగులో వేరే కుక్కల గొడవ ఉండదులే అనుకున్నారు. గవ్వ మాత్రం రోజూ ఒక కొత్త గుంట తవ్వేది. నిన్నటి గుంటలో మూతి పెట్టి చూసి, తనదని తేలక, పక్కన ఇంకోటి మొదలుపెట్టేది. గట్టంతా గుంటలే అయింది.

పాప పుట్టింది. హైమకి తల్లి లేదు. చిన్నప్పుడే పోతే తల్లి అక్కగారు వర్ధనమ్మ గుడివాడలో పెట్టుకుని పెంచింది. ఆ పెద్దమ్మే ఇప్పుడు పురిటికి సాయం వచ్చింది. ఆవిడకి ఎంగిలి పట్టింపు. తన గ్లాసు వేరు, తన కంచం వేరు. పాప మూతి మీద ముద్దు పెట్టబోతే ఎవరినైనా కసిరేది, కన్నతల్లితో సహా. హైమకి నవ్వొచ్చేది గానీ పెంచిన చెయ్యి కదా, ఎదురు చెప్పేది కాదు.

ఆ నెలల సుఖం హైమ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో. పాప కళ్ళు మూసుకునే ఉండేది, అయినా హైమ గదిలోకి రాగానే తల ఆ వైపుకి తిరిగేది. ఏడుస్తున్న పాపని ఎత్తుకుంటే మెడ కింద ముక్కు ఆనించి, రెండు బుసలు కొట్టి, ఊరుకునేది. "దీనికి ముక్కే కళ్ళమ్మాయ్" అనేది వర్ధనమ్మ.

మళ్ళీ ప్రదర్శన వచ్చింది. పాపకి మూడో నెల. పిండిన పాలు పెద్దమ్మకి అప్పజెప్పి హైమే గవ్వని రింగులోకి తీసుకెళ్ళింది, దాన్ని నడిపించడం ఆమెకే బాగా వచ్చు.

రింగులో కుక్కని నిలబెట్టాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో తాడు ఉంటుంది, రెండో చెయ్యి కాళ్ళు సర్దుతూ ఉంటుంది. మరి కుక్క చూపు నిలపడానికి చూపించే లివరు ముక్క ఎక్కడుంటుంది? నోట్లో ఉంటుంది. ఉడికించిన కోడి లివరుని బుగ్గన పెట్టుకోవడం, సమయానికి తీసి కుక్కకి నాకించి ఊరించడం, మళ్ళీ బుగ్గన పెట్టుకోవడం. బయటివాళ్ళకి డోకు వస్తుంది గానీ ఆ లోకంలో అందరూ చేసే పనే అది. ల్యాబులో పెన్ను కూడా నోటి దగ్గరికి రానివ్వని హైమ, రింగులో అడుగు పెట్టగానే ల్యాబు మనిషి కాకుండా పోయింది. ముక్క బుగ్గన పెట్టింది. గవ్వ నాకింది. మళ్ళీ బుగ్గన పెట్టింది. పొడి చర్మం మీద చచ్చిపోయే ప్రాణికి తడి దొరికింది. నోటి వెచ్చదనంలో పెరగడానికి దానికి వారాలు అక్కర్లేదు, గంటలు చాలు.

ఆ ఏడు న్యాయనిర్ణేత డాక్టర్ దేవసహాయం, పశువైద్యుడిగా రిటైరైన పెద్దాయన. కుక్కలకి సోకులంటే ఆయనకి ఒళ్ళు మంట. వరసలో మొదటిది గవ్వే. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చింది. ఆయన దాని వీపు నిమిరాడు, తొడలు తడిమాడు, వేళ్ళతో మూతి తెరిచి పళ్ళు చూశాడు. ఆఖర్న తన అలవాటు చొప్పున వంగి దాని చెవి దగ్గర ఊపిరి పీల్చాడు. అలాగే ఉండిపోయాడు. ఇంకోసారి పీల్చాడు. తలెత్తినప్పుడు ఆయన మొహంలో రంగు లేదు.

తర్వాత చేతులకి శానిటైజరు రాసుకుని, వక్కపలుకు నోట్లో వేసుకుని, పక్క కుక్క దగ్గరికి వెళ్ళాడు. దాని మూతి తెరిచాడు. ఆపైన దాని పక్కది. చెరువులో బ్లీచింగుకే చావని దానికి శానిటైజరు ఒక లెక్కా. వరసలో ఉన్న ప్రతి కుక్క నోట్లోకీ ఆ వేళ్ళు వెళ్ళాయి.

కప్పు గవ్వకే వచ్చింది. చేతికిస్తూ ఆయన హైమతో మెల్లగా అన్నాడు.

"రూలు ప్రకారం తప్పేమీ దొరకలేదమ్మా, అందుకే ఇస్తున్నా. కానీ దీన్ని తడుముతుంటే నా చేతుల కింద కుక్క ఉన్నట్టు లేదు."

హైమ నవ్వి దణ్ణం పెట్టింది. చక్రధర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, అంతకన్నా ఆమెకి ఇంకేం కావాలి. మైదానం వదిలి వచ్చేటప్పుడు ఆ పోటీలో ఉన్న కుక్కలన్నీ దూరందూరంగా, ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఇంకోదాని వైపు మూతి చాచడం లేదు. ఎండకి అలిసిపోయాయి అనుకుంది.

ఇంటికొచ్చి స్నానం చేసి పాపని ఎత్తుకుంది. పాప మెడ కింద ముక్కు ఆనించింది, ఒకసారి పీల్చి ఆగింది, ఇంకోసారి పీల్చింది. తర్వాత ఆ చిన్న ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. గుక్కపట్టి ఏడ్చింది. దూరమెళ్ళి వచ్చావు, అలిగిందిలే అంది పెద్దమ్మ. మర్నాడూ అంతే. ఆ మర్నాడు రొమ్ము నోట్లో పెడితే ఉమ్మేసింది. ఆకలికి ఏడుస్తూ, పాలున్న రొమ్ముకి మొహం తిప్పుకుని, గది నాలుగు మూలలా ఎవరి కోసమో ముక్కు తిప్పింది. హైమ పిలిచింది, పాడింది, చప్పట్లు కొట్టింది. గొంతు వింటే పాప క్షణం ఆగేది. గొంతు ఎక్కడిదా అని వెతికేది. హైమ దగ్గరికి రాగానే మళ్ళీ భయపడేది. ఆఖరికి వర్ధనమ్మ సీసాతో పాలు పట్టింది. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తుంటే హైమ గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఫోన్లు అప్పుడు మొదలయ్యాయి. గుంటూరులో ఒకాయన కుక్క ఈనింది, తల్లి పిల్లల మీంచి నడిచి వెళ్ళిపోతోందట. రాజమండ్రిలో ఇంకొకరి కుక్క తన పిల్లల్ని చూసి పళ్ళు బయటపెట్టిందట. ఒకావిడ వీడియో పంపింది. అందులో ఆరు పిల్లలు నేల మీద పాకుతున్నాయి, తల్లి వాటి మధ్యే పడుకుని ఉంది, పిల్లలు తల్లి పొట్టకి జానెడు దూరం దాకా వచ్చి, అటూ ఇటూ తలలు తిప్పి, వెనక్కి పాకిపోతున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. వీళ్ళందరివీ దేశీ జాతుల పోటీకి వచ్చిన కుక్కలే. మీ గవ్వ ఎలా ఉంది చక్రీ అని అందరూ అడుగుతున్నారు. చక్రధర్ ఫోను చేత్తో మూసి హైమ మొహంలోకి చూశాడు.

హైమ లేచి సందులోకి వెళ్ళింది. అరుగు కింద పడుకున్న ముసలి కుక్క ముక్కు ముందు అరచెయ్యి పెట్టింది. కుక్క ముక్కు కదలలేదు. ఆ చేతిలోంచి చూస్తున్నట్టు ఎదురుగా రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజే ల్యాబుకెళ్ళి తన మెడ మీంచి, చంకలోంచి, నోట్లోంచి దూదిపుల్లలతో తీసి గిన్నెల్లో వేసింది. మామూలు మనిషి ఒంటి మీద నుంచి తీస్తే గిన్నెలో పదిరకాల చుక్కలు లేస్తాయి, ఒక్కో మనిషికి ఒక్కో ముగ్గు. హైమ గిన్నెల్లో అన్నిట్లోనూ ఒకటే లేచింది, అంచు నుంచి అంచు దాకా మెరిసే సన్నటి పొర. నోట్లో బలిసి, ఉమ్మితో చెమటతో పొడి చర్మం మీద బతకడం నేర్చుకుంది. ఆమె ఒంటి మీద పుట్టినప్పటినుంచీ కాపురమున్న ప్రాణులన్నిటినీ అది తినేసింది. వాటితో పాటే హైమ వాసన కూడా పోయింది. చక్రధర్‌కీ అంటుకుంది. అంటనిది ఎంగిలి పట్టింపున్న పెద్దమ్మకి, ఆవిడ ఎవరినీ ముద్దు పెట్టనివ్వని పాపకి.

హైమ కప్పు సంచీలో పెట్టుకుని దేవసహాయం ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గదిలో మంచం కింద టైగర్ అనే ఆయన కుక్క ఉంది. వయసు మీదపడి దానికి కళ్ళు పోయి చాలాకాలమైందట. ఆయన పళ్ళెంలో అన్నం తీసుకుని లోపలికి వెళ్ళాడు. మంచం కింద నుంచి గుర్రుమని వినిపించింది, ఆ వెంటనే గోడకేసి నక్కి నక్కి పోతున్న గోళ్ళ చప్పుడు. ఆయన పళ్ళెం నేల మీద పెట్టి వచ్చేశాడు.

"ఇంట్లో ఎవరో దొంగ దూరాడనుకుంటోంది. నా గొంతు వినపడుతుంది, నేను లేను. ఆ దొంగే నన్నేదో చేశాడని దాని బెంగ" అన్నాడు.

హైమ అంతా చెప్పేసింది. ఏడవకూడదనుకుని వచ్చి మరీ ఏడ్చింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది ఆమెకి. మందు ఉందా అని అడిగాడు. లేదు, వెతకాలి అంది. ఇంట్లో ఇంకా అంటనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"మా పాప ఉంది."

"అయితే దాన్ని ముట్టుకోకమ్మా."

ఆ మాట ఎవరో ఒకరు అనాలనే ఆమె అంత దూరం వెళ్ళిందేమో. తనంతట తను అనుకోలేకపోయింది.

పాపని తీసుకుని వర్ధనమ్మ గుడివాడ వెళ్ళిపోయింది. హైమ ప్రదర్శన సంఘానికి ఉన్నదున్నట్టు రాసి కప్పు తిప్పి పంపింది. కుక్కలవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. కంపెనీ వాళ్ళు భయపడి ల్యాబంతా ఆమెకి వదిలేశారు. చక్రధర్ పల్లెత్తు మాట అనలేదు. పెంపకమా అలంకారమా అని తను రెండోసారి అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని అతని బాధ.

వారానికోసారి హైమ గుడివాడ వెళ్ళి కిటికీ చువ్వల ఇవతల నిలబడేది. అవతల పెద్దమ్మ చంకలో పాప. బోర్లా పడింది, పారాడింది, పళ్ళు వచ్చాయి, అన్నీ చువ్వల మధ్యనుంచే. హైమ పిలిస్తే పాప గాజులమ్మే మనిషిని చూసినట్టు చూసేది. చూసి, పెద్దమ్మ మెడ కింద ముక్కు ఆనించి, రెండు బుసలు కొట్టేది. మొదట్లో మాత్రం హైమ వెనక్కి తిరిగి వెళ్తుంటే ఏడ్చేది. ఆ గొంతు ఎక్కడికో పోతోందని కాబోలు. కొన్నాళ్ళకి అది కూడా మానేసింది. బస్సులో కూర్చున్నాక ఆ ఏడుపు కోసం హైమ ప్రాణం కొట్టుకునేది.

మెరుగు ఏ చెరువు బురదలో పుట్టిందో ఆ బురదలోనే దాన్ని తినే వైరసు కూడా దొరికింది. దొరికేసరికి హైమ కళ్ళ కింద గుంటలు పడ్డాయి. ముందు గవ్వకి పట్టించింది. మూడు స్నానాలకి మెరుపు దిగిపోయి గవ్వ మళ్ళీ పాత తాటిమట్ట రంగుకొచ్చింది. అయితే అంతటితో అయిపోలేదు. ఎండగట్టిన చెరువుకి మొదట ఏ నీరు పెడితే ఆ నీటి ప్రాణులే స్థిరపడతాయి. ఖాళీ ఒళ్ళు కూడా అంతే, వెంటనే ఏదో ఒకటి చల్లాలి. పక్క ఊరి జోనంగి ఒంటి మీంచి తీసి పెంచి గవ్వకి చల్లింది. నాలుగు రోజుల్లో గవ్వ ఒక గుంట తవ్వుకుని, మర్నాడు కూడా అదే గుంటలో పడుకుంది. చక్రధర్ గట్టు మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. సందులోకి తీసుకెళ్తే వీధి కుక్కలు మళ్ళీ మూతులు చాచాయి. చాచి, ఒక్కుమ్మడిగా మీద పడి, ఊరు కాని ఊరి కుక్కని తరిమినట్టు గవ్వని పొలిమేర దాకా తరిమాయి. అది చూసినప్పుడైనా హైమ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సింది. కానీ పాప ఒళ్ళు తగలక ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటున్న మనిషికి ఆగడం ఎలా చేతనవుతుంది?

ఆ దారి తెలిశాక కుక్కలవాళ్ళందరికీ మందు పంపింది. కొందరికి అక్కరకొచ్చింది. దేవసహాయం గారి టైగర్ అప్పటికే మంచం కింద పోయింది.

ఇక తన వంతు. తన పాత వాసన ఎక్కడుంది? లోకంలో ఒక్కచోటే ఉంటుందనుకుంది. పుట్టేటప్పుడు తల్లి ఒంటి మీంచే కదా బిడ్డ ఒంటి మీదికి అన్నీ దిగేది. ఆ తర్వాత మూడు నెలలు తన రొమ్ము మీదే పడుకుంది. పాప చర్మం మీద తను ఇంకా బతికే ఉంది అనుకుంటే ఆమెకి గుండె నిండిపోయింది. దూదిపుల్లతో పాప వీపు, మెడ తుడిచి పంపమని పెద్దమ్మకి ఫోను చేసి చెప్పింది. గిన్నెల్లో పదిరకాల చుక్కలు లేచాయి. చక్కటి ముగ్గు. హైమ ఆ గిన్నెకి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

వైరసు స్నానాలు చేసి, ఒళ్ళు ఖాళీ చేసుకుని, ఆ గిన్నెల్లోది నిలువెల్లా రాసుకుంది. చక్రధర్‌కీ రాసింది గానీ అతని ఒంటి మీద మొలకెత్తింది కొద్దిగానే. హైమ మీద మాత్రం దట్టంగా పట్టింది. కొన్ని రోజులకి రవిక విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే మనిషి వాసన వచ్చింది. ఎప్పటినుంచో తెలిసిన వాసన. అది పీలుస్తూ పడుకుంటే చిన్నప్పటి నిద్ర పట్టింది. నా వాసన నాకే ఇంత ఇష్టమని ఎప్పుడూ తెలియలేదే అనుకుంది.

అన్ని పరీక్షలూ అయ్యాక ఒక ఆదివారం పొద్దున్న వర్ధనమ్మ పాపని తీసుకుని కైకలూరు వచ్చింది. వాకిట్లో ఆటో దిగుతుండగానే హైమ ఎదురెళ్ళింది. రెండడుగుల దూరంలో ఆగింది. పాప ఆమెని చూసింది, మొహం ముడుచుకుంది, పెదవి వంకర పెట్టింది. హైమ చేతులు చాచింది. గాలి ఇటునుంచి అటు వీచింది.

పాప ముక్కు కదిలింది. మొహం విప్పారింది. రెండు చేతులూ చాచి, పెద్దమ్మ చంకలోంచి ఎగిరినట్టు వచ్చి హైమ మీద వాలింది. మెడ కింద ముక్కు ఆనించి రెండు బుసలు కొట్టింది.

"గుర్తుపట్టింది హైమా" అన్నాడు చక్రధర్.

హైమ పాపని గుండెకి హత్తుకుంది. ఆ బరువు, ఆ వెచ్చదనం, జుట్టులో ఆ పాల వాసన. ఇంతకాలం ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఆ ఏడుపంతా ఒక్కసారి పైకి వచ్చింది. అప్పుడే పాప చిన్న చెయ్యి ఆమె మెడ మీద ఏదో వెతకడం మొదలుపెట్టింది. గొంతు కింద తడిమింది, భుజం దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అక్కడ ఉండాల్సింది ఏదో లేదు. పాప తలెత్తి హైమ మొహంలోకి అయోమయంగా చూసింది. చూసి, ఆ మొహాన్ని పట్టించుకోకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ మెడ కింద ముక్కు దూర్చింది. అక్కడ అంతా సరిగ్గానే ఉంది. శాంతించింది.

ఎదురుగా వర్ధనమ్మ మెడలో పగడాల దండ ఎండకి ఎర్రగా మెరుస్తోంది. దాన్ని పట్టుకుంటే గానీ పాప నిద్రపోదని ఆవిడ ఎన్నిసార్లు ఫోనులో చెప్పిందో.

హైమకి అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఇన్ని నెలలు పాప పడుకున్నది ఎవరి చంకలో? ఎవరి ఒంటిని ఒరుసుకుని పెరిగింది? తను పాప మీంచి తీయించి తెచ్చుకుని ఒళ్ళంతా పూసుకున్నది ఎవరిని? తెలిసిన వాసన అనుకుంది. తెలియకేం, ఆ వాసనలోనే కదా తనూ పెరిగింది.

వర్ధనమ్మ దగ్గరికి వచ్చింది. హైమ భుజం మీద చెయ్యి వేసి, వంగి, మెడ దగ్గర ఒకసారి గాలి పీల్చింది. వెనక్కి జరిగింది. ఆవిడ కళ్ళలోకి హైమ చూడలేకపోయింది. సైన్సు ఆవిడకి తెలియదు గానీ తన ఒంటి వాసన, తను బతికే ఇంటి వాసన తెలియదా.

"పోనీలే అమ్మాయ్. ఎలాగైతేనేం, నీ దగ్గరికి వచ్చింది కదా" అంది మెల్లగా.

"ఇది నేను కాదు పెద్దమ్మా."

"ఊరుకో. పాప వింటుంది."

భోజనం కూడా చెయ్యకుండా ఆవిడ సంచీ సర్దుకుంది. చక్రధర్ ఉండమని బతిమాలాడు. ఇంట్లో పనులున్నాయంది. వెళ్తూ వెళ్తూ పాప బుగ్గ తాకబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా హైమ పాపని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడింది. పాప ఏడుస్తుందేమోనని చూసింది. ఏడిస్తే బాగుండునని కూడా అనుకుంది.

పాప ఏడవలేదు. ఆమె మెడలో ముక్కు పెట్టుకుని హాయిగా కునుకు తీస్తోంది. పాప లెక్కలో పెద్దమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు, వెళ్ళిపోయింది తల్లి. ఆమె కోసం ఏడవడం పాప ఎప్పుడో మానేసింది.